కుడి చెంప మీద విచారణ

ఆ ఆదివారం పొద్దున సాఫీ డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగగానే భార్యతో కలిసి బయలుదేరాలి. తన డిపో బస్సులు వెళ్ళని పేటలో ఒక చర్మం డాక్టరమ్మ ఉంది. ఆమెకు మొహం చూపించి, మందేదో రాయించుకుని, భోజనం వేళకు ఇంట్లో పడాలి. దారిలో తెలిసినవాళ్ళ కంట పడకూడదు.

యాభై ఆరేళ్ళ మనిషి మొహానికి క్రీము రాసుకుంటున్నాడని డిపోలో తెలిస్తే ఇంకేమైనా ఉందా! అతను మామూలు డ్రైవరు కూడా కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్క ప్రమాదం లేదు, బస్సుకు ఒక్క గీత పడలేదు. పొద్దున్నే స్టీరింగుకు దణ్ణం పెట్టుకోకుండా ఇంజను కదిలించి ఎరగడు. అందుకే అందరూ అతన్ని సాఫీ అని పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. ఇప్పుడు డిపో గోడ మీద పెద్ద బోర్డు కట్టి, దాని మీద అతని ఫోటో పెట్టి, కింద "ప్రమాదం ఎరుగని డ్రైవరు" అని రాయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

గొడవ ఆ ఫోటోతోనే మొదలైంది. ఫోటోగ్రాఫరు ఒకసారి తీశాడు. కెమెరాలో చూసుకున్నాడు. తలెత్తి మనిషిని చూశాడు. మళ్ళీ కెమెరాలోకి చూశాడు.

"ఏంటయ్యా, కళ్ళు మూశానా?" అన్నాడు సాఫీ.

"లేదండీ. ఎడమ పక్క మీరు బాగా వచ్చారు. కుడి పక్క మీ నాన్నగారు వచ్చారు."

చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. డిపో మేనేజరు కూడా నవ్వి, "సరే, వచ్చే సోమవారం కాక పై సోమవారం మళ్ళీ తీద్దాం, ఈలోగా కాస్త నిద్రపోవయ్యా" అన్నాడు.

ఇంటికి వచ్చి సాఫీ అద్దం ముందు నిలబడ్డాడు. తువ్వాలుతో కుడి సగం కప్పుకుని చూశాడు. నలభై ఐదేళ్ళ మనిషి కనిపించాడు. తువ్వాలు ఎడమ పక్కకు మార్చి చూశాడు. గోధుమరంగు మచ్చలు, కంటి చివర నుంచి దవడ దాకా జేబులో నలిగిన టికెట్టులా ముడతలు. దేవుడు రెండు చెంపలూ ఒకే రోజున ఇచ్చాడు కదా, మధ్యలో ఈ తేడా ఎవరు పెట్టినట్టు అని అతనికి అనుమానం వచ్చింది.

అతని భార్యకు ఏ అనుమానమూ లేదు. ఆమె ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. డ్రైవరు కూర్చునేది కుడి పక్క. మధ్యాహ్నం ట్రిప్పులన్నీ కుడి కిటికీలోంచి ఎండ కొట్టే ట్రిప్పులు. ఆ కిటికీకి ఒక తెర కావాలని సాఫీ నాలుగు అర్జీలు పెట్టాడు. "తెర ప్రస్తావన నిబంధనలలో లేదు" అని నాలుగూ తిరిగి వచ్చాయి. ఆమె ఊరుకోలేక తనే మూడుసార్లు తెర కుట్టి ఇచ్చింది. "అనుమతి లేని అమరిక" అని డిపోవాళ్ళు మూడుసార్లూ పీకేశారు. మూడోసారైతే కడ్డీతో సహా పటకారు పెట్టి లాగేశారు.

"ఎండ ఇచ్చింది దేవుడు, నీడ ఇచ్చిందీ దేవుడే. మధ్యలో ఈ నిబంధనలు ఎవరిచ్చారండీ?" అని అప్పట్లో ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు తిరిగొచ్చిన ఏ అర్జీ మీదా జవాబు లేదు.

ఆ ఆదివారం డాక్టరమ్మ సాఫీ మొహాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది.

"బస్సా, లారీనా?" అంది.

సాఫీ ఉలిక్కిపడ్డాడు. "బస్సేనండీ. మీకెవరు చెప్పారు?"

"మీ కుడి చెంప చెప్పింది. నెలకు ముగ్గురైనా వస్తారు, అందరికీ ఇదే పక్క." ఆమె చీటీ మీద రాస్తూ చెప్పుకుపోయింది. "ఇది రెటినాయిడ్ క్రీము. విటమిన్ ఏ జాతిది. రాత్రి పడుకోబోయే ముందు మొహం కడిగి, బాగా ఆరాక రాయండి. బఠాణీ గింజంత, మొహం మొత్తానికీ అంతే. మొదట్లో రోజు విడిచి రోజు. పొద్దున ఎండ తగలకుండా ఈ రెండో క్రీము తప్పనిసరి. మొదటి వారాల్లో కాస్త ఎర్రబడుతుంది, పొట్టు లేస్తుంది. ఎక్కువైతే ఆపి నా దగ్గరికి రండి."

"ఎన్నాళ్ళకు తేడా తెలుస్తుందండీ?"

"నాలుగు నెలలు. ఆరైనా పట్టొచ్చు. ముడతలు మొత్తం పోవు, తగ్గుతాయి."

"నాకు వారమే ఉందండీ."

"చర్మానికి మీ టైమ్ టేబుల్ తెలీదు" అంది డాక్టరమ్మ. ఇస్తూ ఇస్తూ చీటీ అడుగున ఇంకో మాట కూడా రాసింది.

సాఫీ ఆ మాట చదవలేదు. దారి పొడుగునా లెక్క కట్టుకుంటున్నాడు. బస్సు ఆలస్యంగా బయలుదేరితే డ్రైవరనేవాడు ఏం చేస్తాడు? దారిలో లాగేస్తాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎంత ఆలస్యాన్నైనా అతను ఆఖరి స్టాపుకల్లా సర్దేశాడు. నాలుగు నెలల దూరాన్ని వారంలో సర్దాలంటే గింజంత చాలదు. రోజు విడిచి రోజు అసలే కుదరదు. రెండు పూటలూ రాయాలి, దండిగా రాయాలి. ఇక ఎడమ చెంప బాగానే ఉంది కాబట్టి దానికి దండగ. సరుకంతా కుడి పక్కకే.

ఆ సాయంత్రం అతను ట్యూబు నొక్కుతుంటే భార్య చూసింది.

"ఏమండీ, గింజంత అంది కదా ఆవిడ?"

"బేరింగుకు గ్రీజు గింజంత పెడితే తిరుగుతుందా?"

"అది బేరింగు కాదండీ, మొహం."

"నువ్వు మిషను నడుపు. మొహం నేను నడుపుతా."

ఆమె దారం ఎక్కించుకుంది. పొద్దున రాయాల్సిన రెండో క్రీము మాత్రం అతను పెట్టెలోంచి తియ్యలేదు. అది తెల్లగా కనిపిస్తుందని, డిపోలో పట్టేస్తారని భయం.

మంగళవారానికి చెంప చిమచిమలాడింది. పని చేస్తోందని సంతోషించి ఇంకాస్త రాశాడు. బుధవారం ఎర్రబడింది. గురువారం పొద్దున అద్దంలో చూసుకుని అతను బ్రష్షు కింద పడేశాడు. చెవి దగ్గర నుంచి ముక్కు దాకా కాలిన పెనంలా ఎర్రగా ఉంది. దాని మీద పాత గోడకు సున్నం లేచినట్టు పొట్టు లేచి వేలాడుతోంది. ఎడమ చెంప మాత్రం ఏమీ ఎరగనట్టు నున్నగా ఉంది.

"ఇవాళ వెళ్ళకండి. డాక్టరమ్మ దగ్గరికి పోదాం" అంది భార్య.

"ముప్పై ఒక్క ఏళ్ళలో డ్యూటీ ఎగ్గొట్టానా?" అని అతను చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

బస్సులో మొదట చూసింది కండక్టరమ్మ. అతనితో తొమ్మిదేళ్ళుగా ఒకే బస్సు మీద పనిచేస్తోంది. చూడగానే గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో అన్నా! ఏమైంది?"

సాఫీకి అబద్ధాలాడే అలవాటు లేదు. నోటికి ఏది వస్తే అది అన్నాడు. "అన్నం గిన్నె మూత తీశాను. ఆవిరి కొట్టింది."

తర్వాత గేటు దగ్గర టైమ్‌కీపరు అడిగాడు. అతనికి మగాడు వంటింట్లో మూత తీశాడని చెప్పడానికి మొహం చెల్లక, "గోడకు గీరుకుంది" అన్నాడు. ముందు సీట్లో రోజూ కూర్చునే రిటైర్డ్ మాస్టారు అడిగేసరికి ఆవిరి అన్నాడో గోడ అన్నాడో గుర్తు రాక, "పిల్లి" అని ఊరుకున్నాడు.

మాస్టారు నలభై ఏళ్ళు పిల్లల అబద్ధాలు విన్న మనిషి. దిగుతూ కండక్టరమ్మను పక్కకు పిలిచాడు.

"పిల్లి అంటున్నాడు. నిజమేనా?"

"పిల్లేంటండీ? ఆవిరి కదా!"

"చూశావా మరి! ఎక్కడో గుద్దాడు. దాస్తున్నాడు."

"మా అన్న గుద్దడమా? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందండీ!" అని ఆమె నలుగురూ వినేలా అరిచింది. "ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క యాక్సిడెంటు చూపించండి! మొహం చూసి యాక్సిడెంటు అనేస్తే సరిపోయిందా?"

అప్పటిదాకా ఏమీ వినని వెనక సీట్లవాళ్ళకు కూడా యాక్సిడెంటు అన్న మాట వినిపించింది. అందరూ మెడలు చాచి డ్రైవరు మొహం చూశారు. చూసినవాళ్ళకు ఇక సందేహం లేదు.

మాస్టారు శుక్రవారం మేనేజరు చేతికే ఫిర్యాదు ఇచ్చాడు. అందంగా, గుండ్రటి అక్షరాలతో, పేజీన్నర. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. కానీ కాగితం మీద రాసి ఉన్నదాన్ని నమ్మే మనిషి, మనిషి చెప్పేదాన్ని అంతగా నమ్మడు. మెకానిక్కును పంపి బస్సు చూసి రమ్మన్నాడు. మెకానిక్కు వచ్చి, డ్రైవరు కిటికీ చట్రం మీద జానెడు గీత, రెండు చిల్లులు ఉన్నాయని చెప్పాడు.

దాంతో శనివారం పదకొండు గంటలకు విచారణ పెట్టారు. మేనేజరు బల్ల మీద ప్రమాద నివేదిక ఫారం ఉంది. పైన వరస నంబరు కూడా పడి ఉంది. ఎదురుగా సాఫీ, పక్కన సాక్షిగా కండక్టరమ్మ.

"ఆవిరి, గోడ, పిల్లి" అని మేనేజరు మూడు వేళ్ళు మడిచాడు. "ఒక చెంపకు ఇన్ని కష్టాలా? ఇంతకీ ఏది నిజమయ్యా?"

సాఫీ కుడి చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"చూడు, సోమవారం బోర్డు కడుతున్నాం. దాని మీద ఏం రాయాలి నేను? దాస్తే ఉద్యోగానికే ముప్పు. ఒప్పుకుంటే మూడు నెలలు డ్యూటీ ఆపుతారు, ఫోటో ఇంకొకరిది పెడతారు. అంతే. నువ్వే తేల్చుకో."

సాఫీ తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. ఒక పక్క ముప్పై ఒక్క ఏళ్ళ పేరు. ఇంకో పక్క క్రీము. క్రీము అంటే ఇవాళ సాయంత్రానికి డిపో అంతా పాకుతుంది. రేపటి నుంచి సాఫీ పోయి ఇంకేదో పేరు పెడతారు. పదవీ విరమణ దాకా, ఆ తర్వాత కూడా, అదే పేరుతో పిలుస్తారు. డ్రైవరన్నవాడు గుద్దడం లోకంలో ఉన్నదే. డ్రైవరన్నవాడు క్రీము రాసుకోవడం ఎవరైనా విన్నారా?

"స్తంభమండీ" అన్నాడు మెల్లగా.

"ఏ స్తంభం?"

"గేటు పక్కనున్నది."

కండక్టరమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "అన్నా! నేను బస్సులోనే ఉన్నా కదా! స్తంభమెక్కడ, మనమెక్కడ?"

"నువ్వు టికెట్లు కొడుతున్నావమ్మా. చూసుకోలేదు."

"బస్సు స్తంభాన్ని గుద్దితే చూసుకోనా? నేనేమన్నా బస్సు బయట టికెట్లు కొడుతున్నానా?"

"వేగం?" అన్నాడు మేనేజరు రాసుకుంటూ.

"చాలా తక్కువండీ."

కండక్టరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని వరండాలోకి వెళ్ళి సాఫీ ఇంటికి ఫోను చేసింది. "వదినా, ఏం జరిగిందో నాకైనా చెప్పొద్దా? అన్న స్తంభాన్ని గుద్దానని ఒప్పుకుంటున్నారు. సంతకం పెట్టేస్తున్నారు."

అవతల మిషను చప్పుడు ఆగిపోయింది. "ఇంకో పది నిమిషాలు ఆపు" అంది సాఫీ భార్య.

కండక్టరమ్మ లోపలికి వచ్చి ఆ పది నిమిషాలూ ఆపింది. స్తంభం రంగేమిటని అడిగింది. ఇనుపదా, సిమెంటుదా అని అడిగింది. గేటు పక్క అసలు స్తంభాలెన్ని అని అడిగింది. మేనేజరు లెక్కపెట్టి రమ్మని మెకానిక్కును పంపాడు. రెండు ఉన్నాయని, రెండింటికీ దెబ్బ లేదని అతను వచ్చి చెప్పేసరికి మేనేజరు తల పట్టుకున్నాడు.

"ఏదో ఒక స్తంభం! సంతకం పెట్టవయ్యా ముందు!"

సాఫీ పెన్ను అందుకున్నాడు.

"ఆ పెన్ను కింద పెట్టండి" అని గుమ్మంలోంచి వినిపించింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతుండగా ఆమె లోపలికి వచ్చింది. చేతి సంచిలోంచి ట్యూబు తీసి ఫారం మీద పెట్టింది. నొక్కీ నొక్కీ అది నడుం విరిగినట్టు వంగిపోయి ఉంది.

"మీరు వెతుకుతున్న స్తంభం ఇదిగో సార్. మూడు నెలలు రావాల్సింది. ఆరు రోజుల్లో ఊడ్చేశారు."

సాఫీ తల వంచుకున్నాడు. కుడి చెంప ఎలాగూ ఎర్రగానే ఉంది, ఇప్పుడు ఎడమది కూడా దానికి జత కలిసింది.

మేనేజరు ట్యూబు తిప్పి చూసి, మీసాల్లో నవ్వుకున్నాడు. "క్రీమా? ఈ వయసులో ఎందుకయ్యా నీకు ఈ సోకులు?"

ఆ మాటతో సాఫీ భార్యకు ఒళ్ళు మండిపోయింది.

"సోకులా? మీరు బోర్డు మీద పెట్టుకుంటామన్న మొహమే కదా సార్ ఇది? ఇలా ఉందని మీ ఫోటోగ్రాఫరే కదా నవ్వాడు? పక్కన మీరూ నవ్వారట కదా? నాలుగు అర్జీలు పెట్టారు ఈయన. ఒక జానెడు గుడ్డ అడిగారు. నిబంధనల్లో లేదన్నారు. నేను కుట్టి ఇస్తే పీకేశారు. ముప్పై ఒక్క ఏళ్ళు మీ ఎండలో ఈ చెంప కాలుతుంటే ఒక్కరూ ఏమైందని అడగలేదు. ఇవాళ పొట్టు లేచిందని విచారణ పెట్టారా?"

"అమ్మా, కిటికీ మీద గీత కూడా ఉంది..."

"ఉంటుంది. నా తెర కడ్డీ పటకారు పెట్టి లాగింది మీవాళ్ళే కదా! రెండు చిల్లులూ దానివే. ఏం మెకానిక్కు బాబూ, పీకింది నువ్వేగా? మాట్లాడవేం?"

మెకానిక్కు గోడ గడియారం వైపు చూశాడు.

ఆమె డాక్టరు చీటీ తీసి బల్ల మీద పరిచింది. మేనేజరు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చాలా ఏళ్ళ ఎండ వల్ల కుడి చెంప చర్మం దెబ్బతిన్నదని, మందు వాడినా ఎండ తగులుతుంటే ప్రయోజనం ఉండదని, డ్రైవరు పక్క కిటికీకి తెర అవసరమని ఉంది. కాగితం మీద ఉంది కాబట్టి మేనేజరు నమ్మాడు. అతని నవ్వు కూడా పోయింది.

"ఈ ఫారం ఇప్పుడేం చెయ్యను? వరస నంబరు పడింది, చింపకూడదు" అన్నాడు.

"నింపండి" అంది ఆమె.

మేనేజరు కాసేపు ఆలోచించి, స్తంభం అన్న మాట కొట్టేశాడు. ప్రమాద కారణం దగ్గర "ఎండ" అని రాశాడు. ఢీకొన్న వస్తువు అన్న గడిలో "సూర్యుడు" అని రాశాడు. తప్పు ఎవరిది అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"అది కూడా నింపండి సార్."

మేనేజరు పెన్ను మూత పెట్టేసి, విచారణ ముగిసిందన్నాడు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ సాఫీని చూసి ముందు తిట్టింది, తర్వాత చల్లటి లేపనం రాసింది. రెండు వారాలు ఆపి, తగ్గాక మళ్ళీ గింజంతతో మొదలుపెట్టమంది. ఈసారి గింజ కొలిచి ఇచ్చేది భార్యేనని అక్కడికక్కడే తీర్మానం జరిగిపోయింది.

సోమవారం ఫోటోగ్రాఫరు వచ్చి, "కాస్త ఎడమ పక్క చూపించండి" అన్నాడు. సాఫీ భార్య కెమెరా పక్కనే నిలబడి, "రెండు పక్కలూ రావాలి. రెండూ డ్యూటీ చేసినవే" అంది. ఎర్రదీ నున్ననిదీ రెండు చెంపలతోనే బోర్డు గోడకెక్కింది. క్రీము సంగతి డిపోలో పాకడం పాకింది. కానీ సాఫీ భయపడినట్టు ఎవరూ కొత్త పేరు పెట్టలేదు. ఒక్కొక్క డ్రైవరే విడిగా వచ్చి, ఎవరూ వినకుండా, డాక్టరమ్మ ఉండే పేట ఎక్కడని అడిగి పోయాడు.

తిప్పలు బోర్డుకు వచ్చాయి. ఆ గోడ పడమటి వైపు గోడ. మధ్యాహ్నం దాటితే ఎండ తిన్నగా ఫోటో మీదే పడుతుంది. పై అధికారులు తనిఖీకి వచ్చేసరికి ఫోటో వెలిసిపోతుందేమోనని మేనేజరు కంగారుపడి, ఒక్క రోజులో ఉత్తర్వు తయారు చేశాడు. "తెర ఒకటి, కడ్డీతో సహా, అనుమతించడమైనది." సంతకం, ముద్ర. నాలుగు అర్జీలకు పుట్టని తెర ఒక్క బొమ్మ కోసం పుట్టింది. పైగా రాజీకి బాగుంటుందని కుట్టే పని సాఫీ భార్యకే ఇచ్చాడు.

ఆమె ఉత్తర్వు రెండుసార్లు చదివింది. మంచి మందపాటి గుడ్డ తీసుకుని, టేపుతో కొలిచి, రెండు వరసల కుట్టుతో తెర కుట్టి పంపింది. డిపోలో విప్పి చూస్తే బోర్డులో పావు వంతుకు కూడా రాలేదు. కండక్టరమ్మ దాన్ని తీసుకెళ్ళి డ్రైవరు కిటికీకి పెట్టి చూసింది. పాత చిల్లుల్లోకి కడ్డీ చక్కగా దిగింది.

"అనుమతి లేని అమరిక" అన్నాడు మెకానిక్కు.

కండక్టరమ్మ ఉత్తర్వు నకలు అతని ముక్కు కింద పెట్టింది. అందులో గోడ అన్న మాట ఎక్కడా లేదు. అనుమతించిన తెరను పీకడం గురించి నిబంధనల్లోనూ ప్రస్తావన లేదు. మేనేజరు కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూసి, కాగితం మీద ఉన్నది కాదనలేక లోపలికి వెళ్ళిపోయాడు.

ఆరు నెలలు గడిచాయి. గింజంత క్రీము, గుడ్డ తెర కలిసి సాఫీ చెంపను కాస్త దారికి తెచ్చాయి. మచ్చలు పలచబడ్డాయి. ముడతలు కొన్ని అలాగే ఉన్నాయి, అవి తన సర్వీసు అని అతను అంటున్నాడు. గోడ మీది ఫోటో మాత్రం ఎండకు బాగా వెలిసి, రెండు పక్కలా సమానంగా ముసలిదైపోయింది.

దానికి కూడా ఏదైనా క్రీము ఉందేమో డాక్టరమ్మను అడిగి రమ్మని మేనేజరు లిఖితపూర్వకంగా కోరాడు.